ఒకే హామ్లెట్, రెండు చెరసాలలు: ఒలివియర్, కోజింత్సెవ్ చిత్రాల తులనాత్మక పరిశీలన

షేక్స్పియర్ ‘హామ్లెట్’ నాటకాన్ని లారెన్స్ ఒలివియర్ 1948లో బ్రిటన్‌లోనూ, గ్రిగొరీ కోజింత్సెవ్ 1964లో సోవియట్ యూనియన్‌లోనూ చిత్రాలుగా తీశారు. ఈ రెండింటినీ వెంటవెంటనే చూసినవారికి మొదట కలిగేది అయోమయమే. రెండూ నలుపు తెలుపు చిత్రాలు. రెండింటిలోనూ సముద్రపు ఒడ్డున ఒక రాతికోట, ఆ కోట గోడల మీద తిరిగే రాజు ప్రేతాత్మ, పగ తీర్చుకోవలసిన కొడుకు, చివర్లో విషం పూసిన కత్తి ఉంటాయి. అయినా ఒకదానిలో హామ్లెట్ తన మనసుతోనే పెనుగులాడే ఒంటరివాడు; మరొకదానిలో అతను తన చుట్టూ బిగుసుకుంటున్న రాజ్యవ్యవస్థలో ఊపిరి నిలుపుకోవడానికి ప్రయత్నించే మనిషి. ఒకే నాటకం నుంచి ఇంత దూరంగా ఉన్న రెండు చిత్రాలు ఎలా పుట్టాయి, వీటిలో ఏది మూలానికి దగ్గర అన్న ప్రశ్నలు సహజంగానే వస్తాయి. రెండో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం కష్టం, దానికి కారణాలు ముందు ముందు తెలుస్తాయి. మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు ఉంది: ఇద్దరు దర్శకులూ మూలంలో ఏం ఉంచారన్నదానికన్నా ఏం తీసేశారన్నది చూస్తే తేడా ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనబడుతుంది.

కథ, దాని మధ్యలో ఉన్న చిక్కుముడి

నాటకం తెలియనివారి కోసం కథను క్లుప్తంగా చెప్పుకోవాలి. డెన్మార్క్ రాజు చనిపోతాడు. అతని తమ్ముడు క్లాడియస్ సింహాసనం ఎక్కి, రెండు నెలలైనా గడవకముందే అన్న భార్య గెర్ట్రూడ్‌ను పెళ్లి చేసుకుంటాడు. చనిపోయిన రాజు ప్రేతాత్మ కొడుకు హామ్లెట్‌కు కనబడి, తనను విషం పెట్టి చంపింది క్లాడియస్సేనని చెప్పి పగ తీర్చమని ఆజ్ఞాపిస్తుంది. హామ్లెట్ పిచ్చివాడిలా నటిస్తూ, నాటక బృందం చేత హత్యాఘట్టాన్ని ఆడించి రాజు నేరాన్ని రూఢి చేసుకుంటాడు; కానీ వెంటనే చంపడు. ఈలోగా ప్రేమించిన ఒఫీలియా తండ్రి పొలోనియస్ అతని చేతిలో పొరపాటున చనిపోతాడు, ఒఫీలియా మతి చలించి నీళ్లలో మునిగిపోతుంది, ఆమె అన్న లేయర్టీస్ పగతో తిరిగి వస్తాడు. చివరి ద్వంద్వయుద్ధంలో దాదాపు అందరూ మరణిస్తారు.

తండ్రి చెప్పిన పనిని హామ్లెట్ వెంటనే ఎందుకు చేయడన్నదే నాలుగు వందల ఏళ్లుగా విమర్శకులను వేధిస్తున్న చిక్కుముడి. అతిగా ఆలోచించేవాడికి పని చేసే శక్తి సన్నగిల్లుతుందని ఆంగ్ల కవి, విమర్శకుడు కోల్‌రిడ్జ్ భావించాడు. ప్రేతాత్మ మాట నమ్మదగినదో కాదో తేల్చుకోవడానికి సమయం పట్టిందని కొందరు, చుట్టూ కాపలా ఉన్న రాజును చంపడం మాటలు కాదని మరికొందరు అన్నారు. కారణం మనిషి లోపల ఉందా, బయట ఉందా అన్నదే ఈ వాదాలన్నిటి అడుగున ఉన్న భేదం. ఒలివియర్ లోపల ఉందన్నాడు, కోజింత్సెవ్ బయట ఉందన్నాడు.

‘స్వగతం’ అన్న మాట ఈ వ్యాసంలో పదేపదే వస్తుంది. పాత్ర తనలో తాను మాట్లాడుకుంటున్నట్టుగా ప్రేక్షకులకు తన ఆలోచన వినిపించే భాగమే స్వగతం. రంగస్థలం మీద నటుడు దాన్ని గొంతెత్తి చెప్పక తప్పదు. సినిమాలో ఆ అవసరం లేదు. పెదవులు కదలకుండా గొంతు మాత్రమే నేపథ్యంలో వినబడేలా చేయవచ్చు. ఈ సౌకర్యాన్ని ఇద్దరు దర్శకులూ వాడుకున్నారు, వేరువేరు ప్రయోజనాలకు.

ఏ పాఠాన్ని ‘అసలు’ అనాలి?

చిత్రం మూలానికి విధేయంగా ఉందా లేదా అని అడిగేవారు మూలం ఒక్కటే ఉందని అనుకుంటారు. ‘హామ్లెట్’ విషయంలో అది నిజం కాదు. 1603లో అచ్చయిన మొదటి క్వార్టో (చిన్న సైజు ముద్రణ) చాలా చిన్నది, మాటలు కూడా చాలాచోట్ల వేరు. 1604–05లో వచ్చిన రెండో క్వార్టో దానికి దాదాపు రెట్టింపు నిడివి గలది. షేక్స్పియర్ చనిపోయిన ఏడేళ్ల తర్వాత, 1623లో వెలువడిన మొదటి ఫోలియోలో, అంటే ఆయన నాటకాల పెద్ద సైజు సంపుటిలో, ఇంకొక పాఠం ఉంది. రెండో క్వార్టోలోని కొన్ని భాగాలు దానిలో లేవు, దానిలోని కొన్ని భాగాలు క్వార్టోలో లేవు. ఈనాడు మనం చదివే పుస్తకాల్లో చాలావరకు ఈ పాఠాలను కలిపి కూర్చినవే. అలా కలిపిన నాటకాన్ని ఒక్క మాట కూడా వదలకుండా ఆడితే నాలుగు గంటలు పడుతుంది.

ఒక్క ఉదాహరణ చాలు. నాలుగో అంకంలో హామ్లెట్, నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ సైన్యం పోలండ్ వైపు సాగిపోతుండగా చూస్తాడు. ఎందుకూ కొరగాని చిన్న నేల చెక్క కోసం వేలమంది ప్రాణాలకు తెగించి పోతుంటే, ఇంత కారణం ఉండి కూడా తాను చేతులు ముడుచుకు కూర్చున్నానని తనను తాను నిందించుకుంటాడు. హామ్లెట్ జాప్యం గురించి మాట్లాడే ప్రతి విమర్శకుడూ ఈ స్వగతాన్ని ఎత్తి చూపుతాడు. అయితే ఇది రెండో క్వార్టోలో మాత్రమే ఉంది, ఫోలియోలో లేదు. అంటే ఈ భాగాన్ని తీసేసిన దర్శకుడు మూలాన్ని గాయపరిచినట్టా, లేక ఒక మూలాన్ని అనుసరించినట్టా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేనప్పుడు, కోతలను విధేయతా లోపాలుగా కాక, దర్శకుడు నాటకాన్ని చదివిన తీరుకు ఆనవాళ్లుగా తీసుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

ఒలివియర్ కత్తెర: రాజకీయం పోయింది, ఇల్లు మిగిలింది

ఒలివియర్ చిత్రం నిడివి సుమారు రెండున్నర గంటలు. పాఠంలో సగానికి సగం వెళ్లిపోయింది. పోయినవాటిలో ముఖ్యమైనవి మూడు. ఫోర్టిన్‌బ్రాస్ పాత్ర పూర్తిగా లేదు; కాబట్టి అతని సైన్యాన్ని చూసి హామ్లెట్ చెప్పుకునే నాలుగో అంకపు స్వగతం లేదు, సరిహద్దు తగాదాలు లేవు, యుద్ధ సన్నాహాలు లేవు, డెన్మార్క్ తర్వాత ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న కూడా లేదు. రాజు తరఫున హామ్లెట్ మీద నిఘా వేసే బాల్యమిత్రులు రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టర్న్ కూడా లేరు. వారితోపాటు, డెన్మార్క్ ఒక చెరసాల అని హామ్లెట్ వారితో అనే ప్రసిద్ధమైన మాటా పోయింది. మూడోది, నటుడి కన్నీళ్లు చూసి తన నిష్క్రియతను హామ్లెట్ తిట్టుకునే రెండో అంకంలోని సుదీర్ఘ స్వగతం. దానిలో, నాటకంతోనే రాజు అంతరాత్మను పట్టుకుంటానన్న చివరి మాట మాత్రం మిగిలింది.

ఈ కోతల వెనక ఒక సిద్ధాంతం ఉంది. హామ్లెట్ తన తల్లి పట్ల చిన్ననాటి నుంచి అణచిపెట్టుకున్న కోరికను క్లాడియస్ తీర్చుకున్నాడని, అందుకే అతన్ని శిక్షించబోతే తనను తాను శిక్షించుకున్నట్టే హామ్లెట్‌కు అనిపిస్తుందని మనోవిశ్లేషణ సిద్ధాంతకర్త ఫ్రాయిడ్ సూచించాడు. ఆయన శిష్యుడు ఎర్నెస్ట్ జోన్స్ 1910లో ఒక వ్యాసంలో దాన్ని విస్తరించాడు. 1937లో లండన్‌లోని ఓల్డ్ విక్ రంగశాలలో టైరోన్ గత్రీ దర్శకత్వంలో హామ్లెట్ పాత్ర వేసేముందు ఒలివియర్ జోన్స్‌ను కలిసి మాట్లాడాడు, ఆ ఆలోచన పదకొండేళ్ల తర్వాత చిత్రంలోకి వచ్చింది. తల్లిగా నటించిన ఐలీన్ హెర్లీ, కొడుకుగా నటించిన ఒలివియర్ కన్నా పదకొండేళ్లు చిన్నది. వారి మధ్య ముద్దులు తల్లీకొడుకుల ముద్దుల్లా ఉండవు. ఖాళీగా ఉన్న రాణి శయ్య మీద కెమెరా మళ్లీ మళ్లీ నిలుస్తుంది.

చిత్రం మొదట్లో ఒలివియర్ గొంతు, ‘ఇది ఒక నిర్ణయానికి రాలేకపోయిన మనిషి విషాదగాథ’ అని ప్రకటిస్తుంది. ఈ వాక్యం షేక్స్పియర్‌ది కాదు, చిత్రం కోసం రాసినది. నాటకంలోని చిక్కుముడికి చిత్రం మొదలవుతూనే జవాబు చెప్పేసిందన్న ఆరోపణ అప్పటి నుంచీ ఉంది. దీనిలో నాకు మరింత ఆసక్తి కలిగించే వైరుధ్యం ఒకటుంది. హామ్లెట్ నిర్ణయానికి రాలేకపోవడమే కథ అని ప్రకటించిన చిత్రం, హామ్లెట్ తన ఆలస్యాన్ని గురించి నోరు తెరిచి మాట్లాడే రెండు పెద్ద స్వగతాలనూ తీసేసింది. దీన్ని పొరపాటని కొట్టిపారేయలేం. తన ఆలస్యానికి కారణం తనకే తెలియని మనిషిని చూపాలనుకున్న దర్శకుడికి, ఆ ఆలస్యం గురించి తర్కబద్ధంగా వాదించుకునే హామ్లెట్ పనికిరాడు. మాటల్లో దొరకనిది చూపులో, మంచం మీద, ఖాళీ గదుల్లో దొరకాలని ఆయన ఆశించాడు.

కోజింత్సెవ్ చదివిన తీరు: రాజ్యం లేకుండా హామ్లెట్ లేడు

కోజింత్సెవ్ చిత్రం ఇంకా చిన్నది, రెండు గంటల ఇరవై నిమిషాలు. ప్రేతాత్మ కాపలావాళ్లకు కనబడే మొదటి రంగం మొత్తం పోయింది, స్వగతాలు బాగా కురచయ్యాయి. హామ్లెట్ చివరి ప్రసంగంలో మిగిలింది, ఇక అంతా మౌనమేనన్న ఒక్క మాట. అంటే కత్తెర వాడకంలో ఆయన ఒలివియర్ కన్నా వెనకబడ్డాడని అనలేం. అయితే ఒలివియర్ వదిలేసిన రాజ్యం అనే అంశమే తనకు ముఖ్యమని, దానిలో అంగుళం కూడా వదులుకోనని ఆయన స్పష్టంగా చెప్పాడు. ఫోర్టిన్‌బ్రాస్ ఉన్నాడు, బాల్యమిత్రులిద్దరూ ఉన్నారు, డెన్మార్క్ చెరసాల అన్న మాట ఉంది.

ఆ మాటను చిత్రం మాటగా కాక దృశ్యంగా మొదట్లోనే చెబుతుంది. తండ్రి మరణవార్త విని హామ్లెట్ గుర్రం మీద దౌడు తీస్తూ కోటకు వస్తాడు. నల్లజెండాలు వేలాడుతుంటాయి. అతను లోపలికి వెళ్లగానే కందకం మీది వంతెన మెల్లగా పైకి లేస్తుంది, ఇనుప చువ్వల తలుపు కిందికి దిగుతుంది. ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి ఘట్టం ఇంకా నేర్పుగా ఉంటుంది. నాటకంలో క్లాడియస్ తన పెళ్లిని సమర్థించుకుంటూ నిండు సభలో చేసే ప్రసంగం ఇక్కడ ముక్కలైంది. దానిలో కొంత, కోట బయట నిలబడ్డ పేద జనానికి ఒక చాటింపుదారు రాజశాసనంగా చదివి వినిపిస్తాడు. కొంత, లోపలి నడవల్లో రాయబారులు తమ తమ భాషల్లో ఒకరికొకరు చెప్పుకుంటారు. మిగిలింది మంత్రాంగ మందిరంలో రాజు నోట వినబడుతుంది. ఒక నేరస్థుడి అబద్ధం ప్రభుత్వ ప్రకటనగా మారి గోడలు దాటే క్రమాన్ని ఒకటి రెండు నిమిషాల్లో ఇంత పొందికగా చూపిన చిత్రాలు అరుదు.

ఈ దృష్టికి చారిత్రక నేపథ్యం ఉంది. స్టాలిన్ 1953లో చనిపోయాడు. మరుసటి ఏడే కోజింత్సెవ్ లెనిన్‌గ్రాడ్‌లో ‘హామ్లెట్’ను రంగస్థలం మీద ఆడించాడు. పాఠం రష్యన్ కవి బోరిస్ పాస్టర్నాక్ అనువాదం. చిత్రానికి కూడా అదే అనువాదం, సంగీతం ద్మిత్రీ షోస్టకోవిచ్. ఈ ఇద్దరూ అధికారం ఆగ్రహాన్ని చవిచూసినవారే. 1958లో నోబెల్ బహుమతి ప్రకటించినప్పుడు పాస్టర్నాక్ చేత బలవంతంగా దాన్ని తిరస్కరింపజేశారు. హామ్లెట్‌గా నటించిన ఇన్నొకెంతీ స్మొక్తునోవ్‌స్కీ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు బందీగా చిక్కి తప్పించుకున్న సైనికుడు. తూర్పు ఐరోపాలో అప్పట్లో ‘హామ్లెట్’ను నిఘా రాజ్యం కథగా చదివింది కోజింత్సెవ్ ఒక్కడే కాదు; 1956లో క్రాకవ్‌లో చూసిన ప్రదర్శన గురించి పోలిష్ విమర్శకుడు యాన్ కాట్ రాసిన వ్యాఖ్య కూడా ఇదే దారిలో సాగింది. ఆ నాటకంలో తలుపు చాటున నిలబడి వినేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ ప్రేక్షకులకు వేరే ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

ఒకే స్వగతం రెండు చోట్ల

బతికి ఉండటమా, లేకుండా పోవడమా అని హామ్లెట్ తర్కించుకునే మూడో అంకపు స్వగతాన్ని రెండు చిత్రాల్లోనూ పక్కపక్కన పెడితే ఇంతవరకు చెప్పిన తేడా కళ్లకు కడుతుంది.

ఒలివియర్ మొదట దాని స్థానం మార్చాడు. నాటకంలో ఇది ఒఫీలియాను హామ్లెట్ తిట్టి పంపేసే సన్నివేశానికి ముందు వస్తుంది. చిత్రంలో దాని తర్వాత వస్తుంది. మెట్ల మీద పడి ఏడుస్తున్న ఒఫీలియాను వదిలి కెమెరా మెలికలు తిరిగే మెట్ల వెంట వేగంగా పైకి పోతుంది. బురుజు చివర ఆకాశం కనబడుతుంది, తర్వాత చాలా కింద అలలు, ఆ తర్వాత వెనక నుంచి హామ్లెట్ తల. కెమెరా ఆ తలలోకి చొచ్చుకుపోతున్నట్టు దగ్గరవుతుంది, అలలు ఆ తల లోపలే ఎగసిపడుతున్నట్టు కనబడతాయి. స్వగతంలో కొంత భాగం పెదవులు కదలకుండా వినబడుతుంది. చేతిలో బాకు ఉంటుంది. చావు నిద్రలాంటిదైతే ఆ నిద్రలో కలలు వస్తాయేమోనన్న ఆలోచన తట్టగానే అతను ఉలిక్కిపడి ఆ మాటను బయటికే అనేస్తాడు. కాసేపటికి బాకు చేయి జారి సముద్రంలో పడిపోతుంది. స్థానం మార్పు వల్ల అర్థం కూడా మారింది: నాటకంలో సాధారణ తాత్విక ప్రశ్నగా వినబడేది, ఇక్కడ ప్రేమలో భంగపడి ఆత్మహత్య అంచున నిలిచిన మనిషి ఆక్రోశంగా వినబడుతుంది.

కోజింత్సెవ్ హామ్లెట్ ఎత్తులో లేడు, నేల మీద ఉన్నాడు. బండరాళ్లు నిండిన సముద్రతీరంలో అతను మెల్లగా నడుస్తుంటాడు, స్వగతమంతా నేపథ్యంలోనే సాగుతుంది, పెదవులు ఎక్కడా కదలవు. బాకు లేదు, ఉలికిపాటు లేదు. తలలోకి చొరబడే కెమెరా లేదు. సామాన్యులపై అధికారుల పొగరు, న్యాయంలో జాప్యం, బలవంతుల దౌర్జన్యం అంటూ షేక్స్పియర్ ఆ స్వగతంలో వేసిన పట్టిక సాధారణంగా ప్రేక్షకుల చెవికి అంతగా ఆనదు. రాజ్యాన్ని కళ్లారా చూపిన ఈ చిత్రంలో మాత్రం ఆ పట్టికలోని ప్రతి అంశానికీ మనం ముందే చూసిన ముఖం ఒకటి జ్ఞాపకం వస్తుంది. మరో విశేషం ఉంది. కోటలో ఎక్కడ మాట్లాడినా వినేవాళ్లు ఉంటారు కాబట్టి ఈ హామ్లెట్ పెదవి విప్పకపోవడానికి కారణం సినిమా సౌకర్యం ఒక్కటే కాదు. అంతకుముందు అతను సభికుల గుంపు మధ్య నుంచి నడుస్తూ, తల్లి పెళ్లి మీద తన అసహ్యాన్ని పైకి అనకుండా మనసులోనే అనుకుంటాడు. ఒలివియర్‌కు నేపథ్య గొంతు మనసు లోతులోకి దారి. కోజింత్సెవ్‌కు అది ఎవరికీ దొరకకుండా దాచుకున్న ఆలోచన.

ఒఫీలియాను ఎవరు చంపారు?

ఈ ప్రశ్నకు కూడా రెండు చిత్రాలూ రెండు జవాబులు చెబుతాయి. ఒలివియర్ చిత్రంలో జీన్ సిమన్స్ పోషించిన ఒఫీలియా అమాయకురాలు, ప్రేమ చెదిరి మతి తప్పిన పిల్ల. ఆమెకూ హామ్లెట్‌కూ మధ్య దూరాన్ని ఒక్క షాట్‌లో చూపిన తీరు గొప్పది: పొడవైన నడవలో, తోరణాల వరసకు అటు చివర ఆమె, ఇటు చివర కుర్చీలో హామ్లెట్. ఇద్దరి ముఖాలూ స్పష్టంగానే కనబడతాయి. ఆమెకు తండ్రి కనబడుతున్నాడు, హామ్లెట్‌కు కనబడడు. తండ్రికి భయపడి ఆమె వెళ్లిపోతే, తనను కాదని వెళ్లిందని అతను అనుకుంటాడు. ఆమె మరణం వాగులో పూల మధ్య పాడుతూ తేలిపోతున్న దృశ్యం. జాన్ ఎవరెట్ మిలే గీసిన ప్రసిద్ధ వర్ణచిత్రాన్ని అది తలపిస్తుంది.

కోజింత్సెవ్ చిత్రంలో అనస్తాసియా వెర్టిన్‌స్కయా పోషించిన ఒఫీలియా తొలిసారి కనబడేది నాట్యపాఠం నేర్చుకుంటుండగా. సెలెస్టా వాద్యం పొడిపొడిగా చిన్న గంటల్లా మోగుతుంటే ఆమె చేతులు, మెడ, నడుము కీలుబొమ్మలా కదులుతాయి. తండ్రి చనిపోయాక ఆమెకు శోకవస్త్రాలు తొడిగే ఘట్టాన్ని దర్శకుడు తీరిగ్గా చూపిస్తాడు. పరిచారికలు ఆమె సన్నని ఒంటికి ముందు ఇనుప పట్టీలతో చేసిన చట్రం బిగిస్తారు, నడుము కింద ఇనుప కమ్మీల పంజరం కడతారు, దాని మీద నల్లటి దుస్తులు వేస్తారు. ఎవరూ ఆమెను కొట్టరు, కసరరు. అది మర్యాద, ఆచారం, రాజకుటుంబపు పద్ధతి. ఆ పద్ధతి ఆమె ఎముకలకు ఆనుకుని ఉందని మనకు కనబడుతుంది. ఆ తర్వాత ఆమె మతి చలించడం ప్రేమ వైఫల్యంగా అనిపించదు. పంజరం నుంచి బయటపడటానికి ఆమెకు మిగిలిన ఒకే దారిగా అనిపిస్తుంది. ఈ ఒక్క ఘట్టంతో నాటకంలో చాలా తక్కువ మాటలున్న పాత్రకు కోజింత్సెవ్ చేసిన న్యాయం, రెండు చిత్రాలనూ పోల్చేటప్పుడు నన్ను ఆయన వైపు కొంత మొగ్గేలా చేస్తుందని దాచుకోను.

చట్రం ఆకారం, కోట ఆకారం

తెర కొలతలు కూడా ఈ తేడాలో భాగమే. ఒలివియర్ వాడింది అప్పటి మామూలు చట్రం, దాదాపు చదరంగా ఉంటుంది. స్తంభాలు, మెట్లు, బురుజులు దానిలో నిలువుగా ఇముడుతాయి. నాటకం జరిగే ఎల్సినోర్ కోట ఆయన చిత్రంలో స్టూడియోలో వేసిన సెట్టు; సామాన్లు లేవు, జనం తక్కువ, కెమెరా ఖాళీ నడవల్లో దేన్నో వెతుకుతున్నట్టు తిరుగుతుంది. దగ్గరి వస్తువూ దూరపు వస్తువూ ఒకేసారి స్పష్టంగా కనబడేలా తీసే డీప్ ఫోకస్ పద్ధతిని ఛాయాగ్రాహకుడు డెస్మండ్ డికిన్సన్ చిత్రమంతటా వాడాడు. ఇది నిజమైన కోటలా కాక, ఒక మనిషి పుర్రె లోపలి భాగంలా ఉంటుందని చాలామంది అన్నారు. ఆ పోలిక సరైనదే.

కోజింత్సెవ్‌ది వెడల్పాటి తెర. ఛాయాగ్రాహకుడు యోనాస్ గ్రిత్సియస్. చిత్రీకరణలో చాలాభాగం రష్యా–ఎస్టోనియా సరిహద్దులోని ఇవాన్‌గొరొద్ కోట దగ్గర, ఆరుబయట జరిగింది. గాలి, రాయి, నిప్పు, నీరు నిజమైనవి. వెడల్పాటి చట్రంలో హామ్లెట్ ఒంటరిగా ఉన్న సందర్భాలు తక్కువ. ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు నడుస్తుంటారు, వంగి నమస్కరిస్తుంటారు, చూస్తుంటారు. చువ్వల గుండా, జాలీల గుండా కెమెరా చూస్తుంటుంది.

రెండు వైపుల నుంచీ వచ్చిన అభ్యంతరాలు

ఒలివియర్ చిత్రానికి ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు సహా నాలుగు ఆస్కార్లు వచ్చాయి. అమెరికాలో తీయని చిత్రానికి ఉత్తమ చిత్రం బహుమతి రావడం అదే మొదటిసారి. వెనిస్ ఉత్సవంలోనూ అత్యున్నత బహుమతి దక్కింది. అయినా రాజ్యం లేకపోతే హామ్లెట్ యువరాజు కాడని, అతని బాధ ఒక ఇంటి గొడవగా కుంచించుకుపోతుందని విమర్శ వచ్చింది. ఇది బలమైన విమర్శ. ఫోర్టిన్‌బ్రాస్ లేకపోవడం వల్ల, తండ్రిని పోగొట్టుకున్న ముగ్గురు కొడుకులను ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి చూపిన నాటక నిర్మాణమే దెబ్బతింది. దీనికి సమాధానంగా ఒలివియర్ పక్షం చెప్పగలిగింది కూడా ఉంది: అస్పష్టంగా అన్నీ చూపడం కన్నా ఒక్కదాన్ని లోతుగా చూపడం మేలు, సినిమాకు పెద్దగా అలవాటుపడని షేక్స్పియర్ పద్యాన్ని లక్షలాదిమంది కూర్చుని వినేలా చేసింది ఈ ఏకాగ్రతే.

కోజింత్సెవ్ మీద అభ్యంతరం ఇంకో రకం. ఆయన హామ్లెట్ మరీ నిర్దోషి, మరీ ధీరుడు, తనను తాను అనుమానించుకోవడం తక్కువ అంటారు. దుష్ట రాజ్యం ఎదురుగా ఉన్నప్పుడు హామ్లెట్ క్రూరత్వానికి, అంటే పొలోనియస్ శవం పట్ల అతని నిర్లక్ష్యానికి, బాల్యమిత్రులిద్దరినీ చావుకు పంపడంలో చూపిన చల్లదనానికి మనం తేలిగ్గా క్షమాపణ ఇచ్చేస్తాం. నాటకం అలా ఇవ్వదు. ఈ చిత్రాన్ని స్టాలిన్ కాలం మీద చాటు విమర్శగా మాత్రమే చూడటంలో మరో ఇబ్బంది ఉంది. దీన్ని నిర్మించింది ప్రభుత్వ స్టూడియో లెన్‌ఫిల్మ్. 1965లో దర్శకుడికీ నటుడికీ లెనిన్ బహుమతి ఇచ్చింది అదే ప్రభుత్వం. మధ్యయుగపు నిరంకుశత్వం మీద మానవతావాది తిరుగుబాటుగా అధికారులు దాన్ని చదివి ఉండవచ్చు. ప్రేక్షకులు తమకు తెలిసిన నిరంకుశత్వాన్ని దానిలో చూసి ఉండవచ్చు. ఈ రెండు పఠనాలకూ చిత్రంలో చోటుంది. పిల్లనగ్రోవి చేతికిచ్చి, దీన్నే వాయించలేని మీరు నన్ను వాయించగలమనుకుంటున్నారా అని హామ్లెట్ మిత్రులను నిలదీసే ఘట్టం ఏ దేశంలో చూసినా ఆ దేశపు గూఢచారులకే తగులుతుంది.

భాష గురించి ఒక మాట చెప్పాలి. షేక్స్పియర్ గొప్పతనం ఆంగ్ల పద్యంలోనే ఉంది కాబట్టి రష్యన్‌లో తీసినది ఎంత బాగున్నా ఒక మెట్టు కిందే ఉంటుందని కొందరు వాదిస్తారు. ఒలివియర్ గొంతులో ఆ పద్యం పలికే తీరు విన్నవారు ఈ వాదాన్ని తోసిపుచ్చలేరు. అయితే పద్యం మీద ఆధారపడే అవకాశం తగ్గడం వల్లనే కోజింత్సెవ్ మాటకు బదులు దృశ్యం వెతుక్కున్నాడు. ప్రేతాత్మ రాక ముందు భయపడి కట్లు తెంచుకునే గుర్రాలు, కోట బురుజుల మీద గాలికి ఎగిరే దాని పెద్ద అంగవస్త్రం, షోస్టకోవిచ్ వాద్యబృందం కలిసి చేసే పని, మొదటి రంగంలో షేక్స్పియర్ మాటలు చేసే పనికి సమానంగా నిలుస్తుంది.

శవం ఎటు పోతుంది?

చివరి నిమిషాల్లో ఇద్దరి దారులూ పూర్తిగా విడిపోతాయి. ఒలివియర్ చిత్రంలో ఫోర్టిన్‌బ్రాస్ లేడు కనుక, హామ్లెట్‌కు సైనిక లాంఛనాలు జరపమనే మాటలు మిత్రుడు హొరేషియోకు దక్కాయి. నలుగురు శవాన్ని మోసుకుని మెట్లెక్కుతారు, పైకి, ఇంకా పైకి, కోటలోని అత్యున్నత బురుజు మీదికి. దారిలో కెమెరా మనకు పరిచయమైన ఖాళీ స్థలాలను మళ్లీ చూపుతుంది, వాటిలో రాణి శయ్య కూడా ఉంది. ఈ మరణానికి వారసుడు లేడు, దాని తర్వాత డెన్మార్క్ గతేమిటన్న ప్రశ్న ఎవరూ అడగరు.

కోజింత్సెవ్ హామ్లెట్ విషం ఎక్కుతుండగా కోట లోపల చనిపోవడానికి ఒప్పుకోడు. తడబడుతూ బయటికి నడిచి, బండకు ఆనుకుని ప్రాణం విడుస్తాడు. ఫోర్టిన్‌బ్రాస్ వస్తాడు, సైనికులు శవాన్ని మోసుకుని కోట బయటికి తీసుకెళతారు. మొదట్లో రాజశాసనం విన్న జనం అక్కడే నిలబడి చూస్తుంటారు. వారికి ఏం అర్థమైందో చిత్రం చెప్పదు. కొత్త పాలకుడు పాతవాడి కన్నా మంచివాడన్న హామీ కూడా ఇవ్వదు. కోజింత్సెవ్‌ది ఆశావాదమని అనేవారు ఈ ఘట్టాన్ని మరోసారి చూడాలి.

ఏమీ కోయకుండా తీస్తే వివాదం తీరుతుందా?

ఈ ప్రయత్నం కూడా జరిగింది. 1996లో కెనెత్ బ్రానా క్వార్టోనూ ఫోలియోనూ కలిపిన పాఠాన్ని మొత్తం తీసుకుని సుమారు నాలుగు గంటల చిత్రం తీశాడు. పోలండ్ దండయాత్ర స్వగతం ఉంది, ఫోర్టిన్‌బ్రాస్ ఉన్నాడు, మిత్రులున్నారు. కోత లేదు కనుక దర్శకుడి జోక్యం కూడా ఉండదని అనుకుంటాం. అయితే బ్రానా కథను పందొమ్మిదో శతాబ్దానికి జరిపి, అద్దాలు నిండిన సభామందిరంలో నడిపాడు. చివర్లో ఫోర్టిన్‌బ్రాస్ సైన్యం కోట మీద దాడి చేసి కిటికీలు పగలగొట్టుకుని లోపలికి చొచ్చుకువస్తుంది. నాటకంలో ఫోర్టిన్‌బ్రాస్ సైన్యంతో వస్తాడని మాత్రమే ఉంది, దాడి చేస్తాడని ఎక్కడా లేదు. పాఠంలోని ప్రతి మాటనూ ఉంచిన చిత్రంలో కూడా, ఆ రాక దురాక్రమణా, రాజ్యం చేతులు మారడమా అన్నది దర్శకుడే తేల్చవలసి వచ్చింది.